షెడ్డు కిరాయి ఒక్కటే చూచిన చాలదు – నిర్వహణ రుసుమును గూర్చి రైతు సంఘములకు సూచనలు

పొలము కౌలుకు తీసుకొనునప్పుడు ఏమేమి అడుగవలెనో రైతుకు ఒకరు నేర్పనక్కరలేదు. ఎకరమునకు కౌలు ఎంత అని మాత్రమే అడిగి ఊరకుండు రైతు మన గ్రామములలో కనిపించడు. బోరు మోటారు కాలిన ఎవరు బాగుచేయించవలెను? గట్టు తెగిన ఎవరు వేయవలెను? కాలువ పూడికతీతలో ఎవరి వంతు ఎంత? ఇవన్నియు తేలిన పిదపనే అతడు నాగలి కట్టును.

అదే రైతు పదిమందితో కలిసి సంఘము పెట్టి, నూనె గానుగకో, పప్పు మిల్లుకో, కొర్రలు, సామలు శుభ్రపరచి సంచులలో నింపుటకో పట్టణములో షెడ్డు తీసుకొనునప్పుడు మాత్రము, "నెలకు కిరాయి ఎంత?" అని ఒక్క ప్రశ్న అడిగి సంతకము చేయుచున్నాడు. కిరాయిపైన 'నిర్వహణ రుసుము' అని మరియొకటి కలదు. వాడుకలో దీనిని 'మెయింటెనెన్సు' అందురు. మొదటి నెల బిల్లు చేతికి వచ్చువరకు చాల సంఘములు దీనిని లెక్కలోనికి తీసుకొనవు. పండించునప్పుడు రాని నష్టము అమ్ముకొనునప్పుడు వచ్చుటకు ఇది ఒక కారణమగుచున్నది. కావున ఈ రుసుము దేనికి, దానిని ఎట్లు వంతు వేయుదురు, సంతకమునకు ముందు ఏమి తేల్చుకొనవలెను అను సంగతులు ఈ వ్యాసములో వివరింపబడినవి.

కాచిగూడ చుట్టుప్రక్కల

పాలమూరు, జడ్చర్ల, షాద్‌నగర్ ప్రాంతముల రైతులకు హైదరాబాదు అనగా మొదట జ్ఞప్తికి వచ్చునది కాచిగూడ స్టేషను. 1916లో నిజాం ప్రభుత్వ కాలమున కట్టిన ఈ స్టేషనులో దిగి పనులు చూచుకొని సాయంత్రము బండికి మరలిపోవుట వారికి అలవాటు. కాచిగూడకు ఉత్తరముగా బాగ్‌లింగంపల్లి దాటిన పిదప ఆజామాబాదు పారిశ్రామికవాడ వచ్చును. నిజాం ప్రభుత్వము పరిశ్రమల కొరకు స్థలములు లీజుకు ఇచ్చి ఏర్పరచిన పాత పారిశ్రామికవాడ ఇది. ఇక్కడి లీజుల విషయమై 1992లో ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసివచ్చినది. ప్రభుత్వము భూమి లీజుకు ఇచ్చిన చోట, లీజుదారుని వద్ద మరల కిరాయికి చేరదలచినవారు, అట్లు ఇచ్చుటకు అతనికి అనుమతి ఉన్నదో లేదో ముందుగా కాగితములలో చూచుకొనవలెను.

పరిశ్రమలకు షెడ్లు కట్టి కిరాయికిచ్చు పద్ధతి క్రొత్తది కాదు. ఇంగ్లండులోని మాంచెస్టరు వద్ద ట్రాఫర్డ్ పార్కు అను పారిశ్రామికవాడ 1896లో మొదలైనది. మన దేశములో చిన్న పరిశ్రమల కొరకు పారిశ్రామికవాడలు నెలకొల్పు కార్యక్రమము 1955లో ఆరంభమైనది. ఒక ఆవరణలో పది షెడ్లు ఉన్నప్పుడు దారి ఒకటే, మురుగు కాలువ ఒకటే, కాపలావాడు ఒకడే. వాటి ఖర్చు అందరును పంచుకొనవలెను. నిర్వహణ రుసుమునకు మూలము ఇదే.

మన రైతులకు ఇది తెలియని సంగతి కాదు. చెరువు క్రింద నీరు పారించు నీరటికి పూర్వము ఆయకట్టుదారులందరును మేర కొలిచెడివారు. ఎవరి భూమి ఎంతయో వారి మేర అంత. నిర్వహణ రుసుము కూడ అట్టి మేరయే. మేర ఇచ్చుట న్యాయము. అయితే కొలత సరిగా నున్నదా, కొలిచినది ఆ పనికే చేరుచున్నదా అని చూచుకొనుట కూడ అంతే న్యాయము.

రుసుము దేనికి?

సాధారణముగా ఈ రుసుములో చేరు ఖర్చులు ఇవి: కాపలా; ఆవరణ ఊడ్చుట, చెత్త ఎత్తివేయుట; దారిలోని దీపములు; నీటి మోటారు, ట్యాంకు; మురుగు కాలువల శుభ్రత; అందరికిని ఉపయోగపడు జనరేటరు; అగ్నిప్రమాద నివారణ పరికరములు; కట్టడముపై బీమా. వీటిపైన ఈ పనులన్నియు చేయించు నిర్వాహకుని ప్రతిఫలము మరియొకటి ఉండును. ఇది యజమాని తీసుకొనవచ్చును, లేదా అతడు నియమించిన సంస్థ తీసుకొనవచ్చును.

ఈ చివరి అంశమును ప్రత్యేకముగా గమనింపవలెను. నిర్వాహకుని ప్రతిఫలము 'ఖర్చులో నూటికి 10 వంతులు' అని వ్రాసినారనుకొనుడు. నెల ఖర్చు రూ. 30,000 అయిన అతనికి వచ్చునది రూ. 3,000. ఖర్చు రూ. 40,000 అయిన రూ. 4,000. అనగా ఖర్చు తగ్గించిన నిర్వాహకునికి నష్టము, పెంచిన లాభము. ఇట్టి షరతు ఎంత మంచివానినైనను పొదుపు మరపించును. ఏడాదికి ఇంత అని స్థిరమైన మొత్తము వ్రాయించుకొనుట మేలు. బ్రిటనులో వాణిజ్య కట్టడముల నిర్వహణ రుసుములపై అక్కడి చార్టర్డ్ సర్వేయర్ల సంస్థ రూపొందించి 2019 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి తెచ్చిన నియమావళి కూడ ఈ దారినే సూచించినది. రుసుము యజమానికి లాభము తెచ్చునది గాని నష్టము తెచ్చునది గాని కారాదనియు, ఏటికి ముందు అంచనా, ఏటి చివర ఖర్చు లెక్క కిరాయిదారులకు ఇవ్వవలెననియు అందలి ముఖ్య భావము. మనము ఒడంబడిక వ్రాసుకొనునప్పుడు ఈ రెండు మాటలును వ్రాయించుకొనుటకు అడ్డేమియు లేదు.

వంతులు వేయు పద్ధతులు

రుసుము నిర్ణయించుటకు మూడు పద్ధతులు వాడుకలో గలవు.

1. చదరపు అడుగునకు ఇంత అని. ఇది లెక్కకు సులభము. అయితే ఏ వైశాల్యముపై అనునది ముఖ్యము. గోడల మధ్య మీరు నిజముగా వాడుకొను స్థలము ఒకటి. దానికి మెట్లు, దారులు, కాపలా గది మొదలైన వాటిలో వంతు కలిపి చెప్పు స్థలము మరియొకటి. ఈ రెండవదానిని 'సూపర్ బిల్టప్' అందురు. రెంటికిని వ్యత్యాసము చాల ఉండును.

2. అసలు ఖర్చును వంతు వేయుట. ఇది అన్నిటికంటె న్యాయమైనది. కాని లెక్కలు చూపవలెను. ఇందులోనొక మెలిక కలదు. ఒక ఆవరణలో మొత్తము 12,000 చదరపు అడుగుల షెడ్లున్నవనియు, నెల ఖర్చు రూ. 30,000 అనియు అనుకొందము. మీ షెడ్డు 1,000 చదరపు అడుగులైన మీ వంతు పండ్రెండవ భాగము, అనగా రూ. 2,500. అందులో 4,000 చదరపు అడుగుల షెడ్లు ఖాళీగా ఉండి, ఖర్చును మిగిలిన 8,000 చదరపు అడుగులవారికే పంచినచో మీ వంతు ఎనిమిదవ భాగమై రూ. 3,750 అగును. ఎక్కువైన రూ. 1,250 యజమాని ఖాళీ షెడ్లకు మీరు కట్టుచున్న కప్పము. కావున 'ఖాళీ షెడ్ల వంతు యజమానిదే' అని వ్రాయించుకొనవలెను.

3. నెలకు ఇంత అని స్థిరమైన మొత్తము. చిన్న సంఘములకు ఇది నిశ్చింత. కాని ఏటేట ఎంత పెరుగునో చూచుకొనవలెను. రూ. 5,200 రుసుము ఏడాదికి నూటికి 10 చొప్పున పెరిగిన రెండవ యేడు రూ. 5,720, మూడవ యేడు రూ. 6,292 అగును.

ఒక సంఘము అనుభవము

పాలమూరు ప్రాంతములో యాసంగి వేరుశనగ పండించు 20 మంది రైతులు ఒక సంఘముగా ఏర్పడి, తలకు రూ. 10,000 చొప్పున రూ. 2,00,000 మూలధనము కూర్చుకొన్నారు. గానుగ నూనె నేరుగా నగరములో అమ్మవలెనని వారి కోరిక. కాచిగూడకు చేరువలో ఒక ఆవరణలో షెడ్డు చూచినారు. సంఘము పేరు, యజమాని పేరు ఇక్కడ అవసరము లేదు. గింజలో తేమ ఎంత ఉండవలెను, నూనె ఎంత దిగును, ఆహార భద్రత అనుమతికి ఏ కాగితములు కావలెను అనునవి నేను వారికి చెప్పితిని. కిరాయి కాగితము మాత్రము చదువలేదు. అది నా పని కాదనుకొంటిని. ఆ పొరపాటులో నా వంతు కూడ కలదు.

నెలకు 400 లీటర్లు ఆడగలమనియు, లీటరుకు రూ. 25 మిగులుననియు వారి అంచనా. షెడ్డు ఖర్చు నెలకు రూ. 15,000 అని అందులో వేసికొన్నారు. మొదటి నెల బిల్లు, లెక్కలు గుండ్రము చేసి చెప్పిన, ఇట్లున్నది:

కిరాయి: 1,000 చదరపు అడుగులు, రూ. 15 చొప్పున – రూ. 15,000
నిర్వహణ రుసుము: 1,300 చదరపు అడుగులు, రూ. 4 చొప్పున – రూ. 5,200
జి.యస్.టి.: రూ. 20,200 పై నూటికి 18 – రూ. 3,636
మొత్తము – రూ. 23,836

అనుకొన్నదానికంటె నెలకు రూ. 8,836 ఎక్కువ. దీనిని 400 లీటర్లకు పంచిన లీటరుకు 22 రూపాయల 9 పైసలు. మిగులుననుకొన్న 25 రూపాయలలో చేతికి వచ్చునది మూడు రూపాయలకు కొంచెము తక్కువ. ఏడాదికి లెక్కించిన రూ. 1,06,032. అనగా 20 మంది కూర్చిన మూలధనములో సగమునకు మించినది.

సంఘములో లెక్కలు వ్రాయు అమ్మాయి టేపు పట్టి షెడ్డు కొలిచినది. 1,000 చదరపు అడుగులే తేలినది. తక్కిన 300 దారికిని, మెట్లకును, కాపలా గదికిని చేరినవని వారికి జవాబు వచ్చినది. "చెరువు కట్టను కూడ ఆయకట్టులో కలిపి మేర అడిగినట్లున్నది" అని సంఘములోని ఒక పెద్దాయన అన్నాడు. ఇంతకంటె తేటగా నేను చెప్పలేను. అయినను కాగితముపై వైశాల్యము 1,300 అని వ్రాసియున్నది, దాని క్రింద సంఘము సంతకము ఉన్నది. వారు మోసపోయినారనుటకంటె చదువకపోయిరి అనుట సరి. పదునొకండు నెలలు కట్టి ఆ షెడ్డు విడిచినారు.

తరువాత వారు వేరొక చోట షెడ్డు చూచినారు. ఈ మారు కిరాయి చదరపు అడుగునకు రూ. 16. మొదటిదానికంటె ఒక రూపాయి ఎక్కువ. కాని నిర్వహణ రుసుము లోపలి కొలతపైననే, రూ. 2-50 చొప్పున. యజమాని జి.యస్.టి. నమోదు అవసరము లేని చిన్నవాడు. సంఘమునకును అప్పటికి నమోదు లేదు. కావున పన్ను రాలేదు. కిరాయి రూ. 16,000, రుసుము రూ. 2,500, మొత్తము రూ. 18,500. కిరాయి ఎక్కువైన షెడ్డే నెలకు రూ. 5,336 చౌకగా తేలినది. కిరాయి అంకెను మాత్రమే చూచి షెడ్లను పోల్చరాదనుటకు ఇది చాలును.

రుసుములో చేరగూడనివి

రోజువారీ నిర్వహణ వేరు, ఆస్తిని వృద్ధిచేయుట వేరు. పైకప్పు రేకులు పూర్తిగా మార్చుట, క్రొత్త జనరేటరు కొనుట, ఆవరణకు క్రొత్త గోడ కట్టుట మొదలగునవి యజమాని ఆస్తిని పెంచునవి. పదునొకండు నెలలు ఉండిపోవు కిరాయిదారునిచే వీటిని కట్టించుట సబబు కాదు. అట్లే యజమాని ఆదాయపు పన్ను, అతని బాకీలపై వడ్డీ, ఇతర కిరాయిదారులతో అతనికి గల తగవుల ఖర్చులు రుసుములో చేరరాదు. ఆస్తి పన్ను ఎవరు కట్టవలెనో ఒడంబడికలో స్పష్టముగా వ్రాయవలెను. వ్రాయని చోటనే తగవు పుట్టును.

కరెంటు లెక్క

కరెంటును రుసుములో కలుపనీయక మీ షెడ్డునకు వేరు మీటరు పెట్టించుకొనుడు. ఆవరణ మీటరు నుండి వంతు వేసినచో, ప్రక్క షెడ్డులోని పెద్ద మోటారు ఖర్చు మీ నెత్తిన పడవచ్చును. మీ వాడకమెంతో మీరే అంచనా కట్టుకొనవచ్చును. ఒక హార్సుపవరు 0.746 కిలోవాట్లకు సమానము. 5 హార్సుపవరు గానుగ పూర్తి భారముతో గంట నడిచిన 3.73 యూనిట్లు. దినమునకు 6 గంటలు, నెలకు 25 దినములు నడిపిన సుమారు 560 యూనిట్లు. మోటారులో పోవు నష్టమునకు మరికొంత కలుపుకొనవలెను. బిల్లు దీనికి రెండింతలు వచ్చినచో వెంటనే అడుగవలసినదే.

కనెక్షను ఏ తరగతిదో కూడ చూడుడు. వాణిజ్య తరగతికంటె పారిశ్రామిక తరగతిలో యూనిటు ధర సాధారణముగా తక్కువ. జనరేటరు కరెంటు ఖరీదైనది గనుక డీజిలు ఖర్చు వాడిన యూనిట్లనుబట్టి పంచవలెను గాని షెడ్డు వైశాల్యమునుబట్టి కాదు. కరెంటు పోయినప్పుడు గానుగ ఆపివేయు సంఘము డీజిలునకు డబ్బు కట్టనక్కరలేదు.

జి.యస్.టి. సంగతి

వాణిజ్యమునకు ఇచ్చిన కట్టడముల కిరాయిపైనను, నిర్వహణ రుసుముపైనను జి.యస్.టి. నూటికి 18. యజమానికి నమోదు ఉన్నచో అతడు బిల్లులో పన్ను వేయును. సంఘమునకు కూడ నమోదు ఉన్నచో, ఆ పన్నును తాము అమ్మిన సరుకుపై కట్టవలసిన పన్నులో తగ్గించుకొను వీలు కలదు. నమోదు లేనిచో అది పూర్తిగా ఖర్చే. తెలంగాణలో ఏడాది అమ్మకములు 20 లక్షల రూపాయలు దాటినవారు నమోదు కావలెను. నూనెతోపాటు తెలగపిండి అమ్మకములను కూడ ఇందులో కలిపి లెక్కింపవలెను.

మరియొక మార్పును గమనింపవలెను. యజమానికి నమోదు లేక, కిరాయిదారునికి మాత్రము ఉన్నచో, 2024 అక్టోబరు 10 నుండి ఆ కిరాయిపై పన్నును కిరాయిదారుడే ప్రభుత్వమునకు కట్టవలసియున్నది. కాంపోజిషను పద్ధతిలో పన్ను కట్టువారికి 2025 జనవరి 16 నుండి దీని నుండి మినహాయింపు ఇచ్చినారు. పైన చెప్పిన సంఘము అమ్మకములు పెరిగి నమోదు అయిన దినమున ఈ లెక్క మారును. షెడ్డు తీసుకొనుటకు ముందే ఒక పన్నుల సలహాదారునకు కాగితము చూపుట మంచిది.

చట్టము ఏమి చెప్పుచున్నది?

లీజులకు మూలము 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము. అందులో మనకు పనికివచ్చు సెక్షనులు మూడు.

106వ సెక్షను ప్రకారము, వేరు ఒడంబడిక గాని స్థానిక చట్టము గాని లేనప్పుడు, వస్తువులు తయారుచేయుటకు ఇచ్చిన లీజు ఏటేటి లీజుగా ఎంచబడును. దానిని ముగించుటకు ఆరు నెలల నోటీసు కావలెను. తక్కిన పనులకైన నెల నెలకు సాగు లీజు. 15 దినముల నోటీసు చాలును. నూనె ఆడు షెడ్డును కాగితములో 'గోదాము' అని వ్రాసిన ఏమగునో దీనినిబట్టి గ్రహింపవచ్చును. చేయబోవు పనిని ఉన్నదున్నట్లు వ్రాయించుడు.

107వ సెక్షను ప్రకారము, ఏడాదికి మించిన లీజు, ఏటేటి లీజు రిజిస్టరు కావలెను. మూడేండ్లవరకు రుసుము పెంచనని యజమాని తెల్లకాగితముపై వ్రాసియిచ్చినను, రిజిస్టరు కాని ఆ కాగితము తగవు వచ్చిన దినమున మిమ్ము కాపాడదు. గానుగలు బిగించి, గోడలు సరిచేసి డబ్బు పెట్టువారు పదునొకండు నెలల కాగితముతో సరిపుచ్చుకొనక, రిజిస్ట్రేషను ఖర్చు భరించి మూడేండ్ల లీజు పొందుట క్షేమకరము.

108వ సెక్షనులో కిరాయిదారునకు రెండు హక్కులు గలవు. యజమాని చేయవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చినను తగిన వ్యవధిలో అతడు చేయనిచో, కిరాయిదారుడు తానే చేయించి, ఆ ఖర్చును వడ్డీతో కిరాయిలో తగ్గించుకొనవచ్చును. అట్లే యజమాని కట్టవలసినదై, అతడు కట్టనిచో కిరాయిదారుని నుండి గాని ఆ ఆస్తి నుండి గాని వసూలు కాగల బాకీని తాను కట్టి, కిరాయిలో తగ్గించుకొనవచ్చును. ఒడంబడికలో దీనికి విరుద్ధముగా వ్రాయకున్నప్పుడే ఈ హక్కులు. వీటిని తీసివేయు వాక్యము కాగితములో ఉన్నదేమో వెదకి చూడుడు. వాడుకొనునప్పుడు నోటీసు వ్రాతపూర్వకముగా ఇచ్చి రసీదు భద్రపరచవలెను.

రుసుము కిరాయిలో భాగమా, వేరా అను ప్రశ్న కూడ కలదు. కలకత్తాలోని కర్నానీ ప్రాపర్టీస్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, కట్టడము వాడకమునకే కాక దానితోపాటు ఇచ్చిన సామగ్రికి, విద్యుత్తు వంటి సౌకర్యములకు యజమానికి కట్టుటకు ఒప్పుకొన్న సొమ్ము కూడ కిరాయిలో చేరునని చెప్పినది. ఈ తీర్పు 1957 సంపుటములలో అచ్చయినది. ఏటేట కిరాయి పెంపు షరతు ఉన్నచోట, ఆ పెంపు కిరాయికి మాత్రమేనా, రుసుమునకు కూడనా అని తేల్చి వ్రాయించుకొనవలసినది ఇందుకే. హైదరాబాదులో నెలకు రూ. 3,500 మించిన కిరాయి గల కట్టడములకు 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టము వర్తించదు. అనగా మన షెడ్లకు ఆ చట్టపు అండ సాధారణముగా ఉండదు. మీరు వ్రాసుకొన్న ఒడంబడికయే మీకు అండ.

ప్రభుత్వ పారిశ్రామికవాడలు, గిడ్డంగులు

పారిశ్రామికవాడల అభివృద్ధి కొరకు ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ 1973లో ఏర్పడినది. 2014లో తెలంగాణకు వేరు సంస్థ వచ్చినది. ఈ సంస్థ ఆధీనములోని అనేక వాడలలో ఆస్తి పన్ను వసూలు, దారులు, దీపముల నిర్వహణ పారిశ్రామికవాడ స్థానిక అధికార సంస్థ చూచును. అట్టి చోట కిరాయికి చేరువారు, ఆ సంస్థకు కట్టవలసినవి బాకీ లేకుండ కట్టిన రసీదులను యజమాని వద్ద చూడవలెను. అక్కడ కట్టిన దీపముల ఖర్చునే యజమాని మరల రుసుములో వేయుచున్నాడేమో కూడ విచారింపవలెను.

అసలు షెడ్డే కావలెనా అని కూడ ఆలోచింపుడు. గింజ ఆడుట, సంచులలో నింపుట మీ పని అయిన షెడ్డు తప్పదు. పంటను ధర వచ్చువరకు నిలువచేయుటయే మీ అవసరమైన, రాష్ట్ర గిడ్డంగుల సంస్థ గోదాములున్నవి. నాంపల్లిలో గాంధీభవన్ సమీపముననున్న వేర్‌హౌస్ సదన్‌లో వివరములు తెలిసికొనవచ్చును. అక్కడ సంచికి నెలకు ఇంత అని నిలువ రుసుము. ఎన్ని సంచులు, ఎన్ని నెలలు ఉంచిన అంతకే చెల్లింపు. 2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గోదాములు ఇచ్చు రసీదుపై బ్యాంకులో అప్పు కూడ పొందవచ్చును. రైతు పండించిన, మిల్లు ఆడని పంటను నిలువచేయు సేవకు జి.యస్.టి. మినహాయింపు కలదు. ఖాళీ షెడ్డు కిరాయికి తీసుకొని అందులో పంట పెట్టుకొనినవారికి ఆ మినహాయింపు రాదు.

సొంత షెడ్డు కట్టుకొనగల సంఘములకు 2020లో ప్రారంభమైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కలదు. 2 కోట్ల రూపాయల వరకు అప్పుపై నూటికి 3 వంతుల వడ్డీ రాయితీ ఏడేండ్ల వరకు లభించును. కిరాయి, రుసుము, పన్ను కలిపి ఏటికెంత అగునో లెక్కించి, దానిని అప్పు వాయిదాతో పోల్చి చూడుడు.

సంతకమునకు ముందు

షెడ్డు చూచుటకు పోవునప్పుడు టేపు, పుస్తకము వెంట తీసుకొనిపోవలెను. ఈ క్రింది ప్రశ్నలకు జవాబులు వ్రాసికొని, వాటిని ఒడంబడికలో చేర్పించవలెను.

1. రుసుము ఏ వైశాల్యముపై? లోపలి కొలత ఎంత?
2. అందులో ఏయే పనులు చేరినవి? చేరనివి ఏవి?
3. ఖాళీ షెడ్ల వంతు ఎవరిది?
4. నిర్వాహకుని ప్రతిఫలము స్థిరమైన మొత్తమా, ఖర్చులో వంతా?
5. ఏడాదికి ఎంతకు మించి పెంచరాదు?
6. ఏటి చివర లెక్క ఎప్పుడు చూపుదురు? మిగిలినది మరుసటి ఏటికి జమచేయుదురా?
7. కరెంటు, నీటికి వేరు మీటర్లు కలవా?
8. యజమానికి జి.యస్.టి. నమోదు ఉన్నదా?
9. ఖాళీ చేయునప్పుడు అడ్వాన్సులో దేనికి కోత వేయుదురు? ఎన్ని దినములలో తిరిగి ఇత్తురు?

గడచిన రెండేండ్ల నిర్వహణ ఖర్చుల లెక్క చూపుమని అడుగుడు. చూపినవాడు తరువాత కూడ చూపును. ఆవరణలోని పాత కిరాయిదారులతో ఒక పూట మాటలాడుడు. వారి మొదటి నెల బిల్లు, ఇప్పటి బిల్లు రెండును చూడుడు. చేరిన పిదప ప్రతి నెల బిల్లును, రసీదును ఒక పుస్తకములో అంటించి, దాని ప్రక్కన ఆ నెల ఆడిన సరుకు వ్రాసికొనుడు. షెడ్డు ఖర్చు లీటరుకు ఎంత, కిలోకు ఎంత పడినదో నెల నెలకు తెలియును. అమ్మకపు ధర నిర్ణయించుటకు ఇదే ఆధారము.

పైన చెప్పిన సంఘము ఇప్పుడు ఈ పుస్తకము వ్రాయుచున్నది. నిర్వహణ రుసుము వారికి లీటరుకు 6 రూపాయల 25 పైసలు పడుచున్నది. అది వారు తెలిసి, ఒప్పుకొని కట్టుచున్న సొమ్ము. ఆవరణలో దీపము వెలుగుచున్నది, కాలువ పారుచున్నది, కాపలావాడు రాత్రి మేలుకొని ఉన్నాడు. మేర కొలిచినందుకు నీరు వచ్చినది.

రైతు సోదరులారా, సోదరీమణులారా! మీ మండల వ్యవసాయాధికారి విత్తనము గూర్చియే కాక ఇట్టి కాగితము గూర్చి కూడ అడుగదగినవాడే. అతనికి తెలియనిచో తెలిసినవారి వద్దకు పంపును. సంతకము చేయుటకు ముందు ఒక్క దినము ఆగి ఆ కాగితము అతనికి చూపుడు. కౌలు పొలము గట్టు మీద నిలిచి మీరు అడుగు ప్రశ్నలనే షెడ్డు గుమ్మములో నిలిచి కూడ అడుగుడు.